ఇంతకీ ఎందుకిచ్చారండీ?

చందానగర్ పట్టాభిరామయ్యగారికి బీపీ లేదు, షుగర్ లేదు, అరవై తొమ్మిదేళ్ళొచ్చినా మోకాళ్ళ నొప్పులు లేవు. ఉన్నదల్లా ఒకే ఒక్క రోగం. ఎవరైనా ఎవరికైనా ఏదైనా ఇస్తే, ఎందుకిచ్చారో తెలిసేదాకా ఆయనకు అన్నం సయించదు. గుడి బయట ముసలమ్మ చేతిలో ఎవరో అరటిపండు పెడితే, ఆ పెట్టినాయన చెప్పులు తొడుక్కునేలోపల వెళ్ళి పట్టుకుంటారు. "చాలా మంచిపని చేశారు. ఇంతకీ ఎందుకిచ్చారండీ?" అంటారు. ఇలాంటి మనిషిని తీసుకొచ్చి ఒక ధర్మసంస్థలో, అందునా దాతలతో మాట్లాడే కుర్చీలో కూర్చోబెట్టారంటే, ఆ కూర్చోబెట్టినవాళ్ళ గుండెధైర్యానికి దండం పెట్టాలి.

ఆ సంస్థ పేరు దగ్గరిచూపు ట్రస్టు. నలభై దాటి, చత్వారం వచ్చి, కళ్ళజోడు కొనుక్కునే వీలులేని వాళ్ళకి ఉచితంగా కళ్ళజోళ్ళిస్తుంది. దర్జీలు, పూలు కట్టేవాళ్ళు, బియ్యంలో రాళ్ళేరే వంటమనుషులు, ఐటీ కంపెనీల గేట్ల దగ్గర ఐడీ కార్డులు చూసే గార్డులు, వీళ్ళందరూ వస్తారు. మార్కెట్ వెనక ఒక స్వీట్ షాపు పైన రెండు గదుల ఆఫీసు. దాన్ని నడిపేది పద్మావతిగారు, రిటైరైన కంటి డాక్టరు. ఆఫీసు వ్యాను నడిపేది లింగమూర్తి. ఇక ఇచ్చేవాళ్ళలో ముప్పాతిక మంది హైటెక్ సిటీ ఉద్యోగులు. ఫోన్ మీద ఓసారి వేలు ఆనించి, నెలనెలా విరాళం దానంతటదే వెళ్ళిపోయేట్టు పెట్టేసి, ఆ సంగతే మర్చిపోయి సుఖంగా ఉంటారు. ఆ సుఖాన్ని చెడగొట్టడానికే పట్టాభిరామయ్యగారు రోజూ పదకొండింటికి టిఫిన్ డబ్బా పుచ్చుకుని మెట్లెక్కేవారు.

ఈ ఆఫీసులోకి కిందటి ఫిబ్రవరిలో అశ్విని అడుగుపెట్టింది. ప్రొద్దుటూరు పిల్ల, మియాపూర్‌లో హాస్టల్లో ఉంటుంది. ఒక పెద్ద సాఫ్ట్‌వేర్ కంపెనీలో మార్కెటింగ్ చేసేది. ఒకరోజు పది నిమిషాల వీడియో కాల్‌లో వాళ్ళ టీమునంతా తీసేశారు. పద్మావతిగారు ఆమెని తీసుకుంటూ ఒకటే మాట చెప్పారు. "దాతలు వస్తున్నారు, ఆర్నెల్లకి జారిపోతున్నారు. ఆగస్టుదాకా చూద్దాం. వాళ్ళని నువ్వు నిలబెట్టగలిగితే నీ ఉద్యోగం కూడా నిలబడుతుంది." రెండో ఉద్యోగం కూడా పోతే ప్రొద్దుటూరు బస్సెక్కడం తప్ప దారిలేదని అశ్వినికి తెలుసు.

మొదటిరోజే పట్టాభిరామయ్యగారు ఆమె బల్ల దగ్గరికొచ్చారు.

"ఇంతకీ ఇక్కడెందుకు చేరావమ్మాయ్?"

"జీతం కోసం సార్."

"అది అందరికీ ఉండేదేగా. అది కాక?"

"మియాపూర్‌కి దగ్గర సార్."

"బస్టాపు గురించి కాదు నేనడిగేది. అది కాక?"

అశ్విని నవ్వి, చెవులకి హెడ్‌ఫోన్లు తగిలించుకుంది. ఆయన ఏమాత్రం నొచ్చుకోకుండా తన మూలకి వెళ్ళి, ఒక అట్ట కార్డు తీసి, 'అశ్విని. చెప్పలేదు' అని రాసుకున్నారు. ఆ తర్వాత ప్రతి సోమవారం అదే ప్రశ్న, అవే హెడ్‌ఫోన్లు.

ఆ మూల గురించి కూడా చెప్పాలి. అక్కడ నాలుగు సొరుగుల చెక్క బీరువా, దాని పక్కన ఎర్రటి ల్యాండ్‌లైన్ ఫోను ఉంటాయి. పట్టాభిరామయ్యగారు గుడివాడలో ఇరవై తొమ్మిదేళ్ళు లైబ్రేరియన్. కంప్యూటర్లొచ్చాక పుస్తకాల కార్డులు దాచే ఆ బీరువాని పారేస్తుంటే, ఆయన దాన్ని లారీలో వేయించుకుని హైదరాబాదు తెచ్చుకున్నారు. ఇప్పుడందులో పుస్తకాలకి బదులు దాతలున్నారు. ఒక్కొక్కరికి ఒక్కో కార్డు. పైన పేరు, ఫోన్ నంబరు, కింద నీలం సిరాతో వాళ్ళు చెప్పిన కారణం, కొందరి కార్డుల్లో అట్టడుగున ఎర్ర సిరాతో ఒక తేదీ.

ఆయన ఫోన్ సంభాషణ మొదటిసారి విన్నప్పుడు అశ్వినికి చెమటలు పట్టాయి.

"నమస్కారమండీ. నిన్న సాయంత్రం ఆరుంబావుకి మీరు మా ట్రస్టుకి విరాళం పంపారు కదా?"

"అవును. ఎవరు?"

"ఎందుకిచ్చారండీ?"

ఈయన గొంతు తగ్గించారు. "కంగారు పడకండి. మీరిప్పుడు ఒంటరిగానే ఉన్నారా? పక్కన ఎవరూ లేరు కదా?"

ఫోన్ పెట్టేసిన చప్పుడు అశ్వినికి ఇక్కడికి వినిపించింది. మనసులో మాట చెప్పుకోవడానికి పక్కన మనుషులుంటే ఇబ్బందేమోనని ఆయన ఉద్దేశం. కానీ సైబర్ దొంగలు కూడా సరిగ్గా ఇలాగే మొదలుపెడతారని ఊరంతా పేపర్లలో చదువుతోంది. మధ్యాహ్నానికల్లా ఇద్దరు పోలీసులు మెట్లెక్కి వచ్చారు. పట్టాభిరామయ్యగారు వాళ్ళని ఆప్యాయంగా కూర్చోబెట్టి, కింది షాపునుంచి జిలేబీ తెప్పించి, "ఇంతకీ మీరు పోలీసు ఉద్యోగంలో ఎందుకు చేరారండీ?" అని అడిగారు. ముప్పావుగంట గడిచింది. పెద్ద కానిస్టేబులు ఫిర్యాదు కాగితాన్ని చెయ్యి చాచి దూరంగా పెట్టుకుని చదవడం చూసి ఆయనకో కళ్ళజోడు పెట్టారు. ఆ కానిస్టేబులు పేరు ఇప్పుడు రెండో సొరుగులో ఉంది.

"గీ సారుతోని ఫుల్ పరేషాన్ మేడం," అన్నాడు లింగమూర్తి అశ్వినితో, వ్యాను తుడుస్తూ. "మొన్న హైటెక్ సిటీల అద్దాల బిల్డింగుకి తోల్కపొమ్మన్నడు. ఫోనెత్తుతలేడట ఒకాయన. గేటుకాడ విజిటర్ల బుక్కుల 'వచ్చిన పని' అని ఉంటది గద? గండ్ల ఏం రాసిండో తెల్సా? 'కారణం తెలుసుకొనుటకు' అని రాసిండు."

"లోపలికి పంపినారా?"

"ఎందుకు పంపరు? గేటుకాడ గార్డు కండ్లకున్న అద్దాలు మనయే. సారుకు సలాం కొట్టి లిఫ్టుదాక తోల్కపోయిండు."

నవ్వొచ్చినా, అశ్విని నవ్వితే కుదరదు. దాతలు పద్నాలుగు వందల మంది. ఈయన రోజుకి ముగ్గురితో మాట్లాడతారు. ఆమె తెచ్చిన కొత్త సాఫ్ట్‌వేర్ ఒక్క నిమిషంలో అందరికీ మెసేజ్ పంపుతుంది, ఎవరు తెరిచారో ఎవరు తెరవలేదో రంగురంగుల బొమ్మలతో చూపిస్తుంది. ఇక వ్యాను సంగతి మరీ అన్యాయం. ఇవాళ లింగంపల్లిలో ఒక దర్జీ కోసం వెళ్తుంది, రేపు మియాపూర్ డిపో దగ్గర పూలమ్ముకునే ఒకావిడ కోసం వెళ్తుంది, ఎల్లుండి మళ్ళీ లింగంపల్లికే వెళ్తుంది. ఒక వరసా పద్ధతీ లేదు. ఇవన్నీ కలిపి ఆమె ఒక రిపోర్టు రాసింది. ఒకటి, వ్యానుకి సరైన రూటు వెయ్యాలి. రెండు, కార్డులన్నీ కంప్యూటర్లోకి ఎక్కించాలి. మూడు, ల్యాండ్‌లైన్ తీసివేయాలి.

ప్రింటరులోంచి ఆ రిపోర్టు బయటికి వచ్చినప్పుడు పక్కనే నిలబడి ఉన్నది పట్టాభిరామయ్యగారే. కాగితాలు సర్ది, పిన్ను కొట్టి, ఆమె బల్లమీద పెట్టి వెళ్ళారు. ఆయన చదివారో లేదో అశ్వినికి తెలియలేదు, అడగడానికి మొహం చెల్లలేదు.

పద్మావతిగారు ముందు కార్డులు ఎక్కించమన్నారు, ఫోన్ సంగతి జూలైలో ట్రస్టీల సమావేశంలో తేలుద్దామన్నారు. అశ్విని కార్డులు అడగ్గానే ఆయన నాలుగు సొరుగులూ తానే మోసుకొచ్చారు. ఆమె మొదటి కార్డు చూసింది.

"ఈ ఎర్ర సిరా తేదీలేంది సార్?"

ఆయన మొహం వెలిగిపోయింది. కుర్చీ లాక్కున్నారు. "అదా! చెప్తాను విను. మొదటి కార్డుంది చూశావూ, ఆయనది నూజివీడు..."

పద్నాలుగు వందల కార్డులు. అశ్విని గడియారం చూసుకుంది. "వద్దు సార్, తేదీ ఉంటే చాలు నాకు."

"చాలా?"

"చాలు సార్."

ఆయన కుర్చీ మళ్ళీ యథాస్థానంలో పెట్టేశారు. పేరు, ఫోన్ నంబరు, ఒక తేదీ. ఇంకేముంటుంది? అశ్విని ఆ తేదీలన్నిటినీ 'పుట్టినరోజు' అనే గడిలో ఎక్కించింది. నీలం సిరా కారణాలు వదిలేసింది. సాఫ్ట్‌వేర్‌లో వాటికి గడి లేదు.

జూలై ఒకటో తారీకు ఉదయం పదింటికి సాఫ్ట్‌వేర్ తన ప్రతాపం చూపించింది. ఆ నెలలో 'పుట్టిన' నలభై ముగ్గురికి ఒక్కసారిగా మెసేజ్ వెళ్ళింది. మూడు బెలూన్లు, ఒక కేకు, దాని మీద ఎవరి తేదీ వాళ్ళకి, కింద తీయటి మాటలు. 'ఈ తేదీ మీ జీవితంలో ఒక పండుగ! ఇలాంటి రోజు మళ్ళీ మళ్ళీ రావాలని కోరుకుంటూ, మీ దగ్గరిచూపు ట్రస్టు.'

నాలుగు నిమిషాల్లో మొదటి జవాబు వచ్చింది. 'అది మా నాన్న పోయిన రోజు. మళ్ళీ మళ్ళీ రావాలా?' రవికిరణ్ అనే ఇంజనీరు.

రెండోది ఉమాశ్రీ అనే ఆవిడ దగ్గర్నుంచి. 'నా విడాకుల తేదీ మీకెవరు చెప్పారు?'

మూడోది. 'ఆ రోజు మా కంపెనీలో రెండొందల మందిని తీసేశారు. అందులో నేనొకణ్ణి. కేకు బాగుంది.'

పదకొండింటికల్లా ఆరుగురు నెలవారీ విరాళం ఆపేశారు. బెలూన్ల బొమ్మ ఎవరో అపార్ట్‌మెంట్ల వాట్సాప్ గ్రూపుల్లో పెట్టేశారు. పద్మావతిగారు ఫోన్ చేసి, సాయంత్రం అయిదింటికి ట్రస్టీలు వస్తున్నారని ముక్తసరిగా చెప్పారు. అశ్విని తన నీళ్ళ సీసా, ఛార్జరు, కాఫీ కప్పు సంచీలో సర్దుకోవడం మొదలుపెట్టింది. కప్పు మూడుసార్లు పెట్టి మూడుసార్లు తీసింది.

అప్పుడే టిఫిన్ డబ్బాతో పట్టాభిరామయ్యగారు మెట్లెక్కారు.

"ఏమైందమ్మాయ్?"

అశ్విని కంప్యూటర్ ఆయన వైపు తిప్పింది. ఆయన నిదానంగా బెలూన్లతో సహా చదివారు. తిట్టలేదు, నిట్టూర్చలేదు. సొరుగులు తెరిచి నలభై మూడు కార్డులు ఏరి, బల్లమీద వరసగా పేర్చి, ఫోన్ దగ్గరికి లాక్కున్నారు. "సంచీ కింద పెట్టి ఇలా కూర్చో. నేను మాట్లాడుతుంటే మంచినీళ్ళందిస్తూ ఉండు," అన్నారు.

మొదటి నంబరు రవికిరణ్‌ది.

"పట్టాభిరామయ్యనండీ. ముందు మీరు తిట్టాల్సిందంతా తిట్టెయ్యండి, తర్వాత మాట్లాడుకుందాం."

అతను తిట్టాడు. బాగానే తిట్టాడు. ఈయన రిసీవరు చెవికి దూరం జరపకుండా మొత్తం విన్నారు.

"అయిందా? మంచినీళ్ళు తాగండి. మీ నాన్నగారు దర్జీ పని చేసేవారు కదా. సూదిలో దారం ఎక్కించమని పిలిస్తే మీరు క్రికెట్లో పడి వచ్చేవారు కాదనీ, ఆయన గంటలు గంటలు తడుముకునేవారనీ చెప్పారు నాకు. కిందటేడు ఆయన పోయిన తేదీకి లింగంపల్లిలో ఒక దర్జీకి మీ పేరుమీద కళ్ళజోడు పెట్టాం. ఆ దర్జీ నిన్న కనబడ్డాడు లెండి. ఇప్పుడు దారం తనే ఎక్కించుకుంటున్నాట్ట. కొడుకుని పిలవడం మానేశాట్ట. నాన్న నన్ను పిలవడంలేదేమిటని వాడిప్పుడు అలిగి కూర్చున్నాట్ట!"

అవతల ఒక నవ్వు, ముక్కు చీదిన చప్పుడు, మళ్ళీ నవ్వు. "ఈ ఏడు ఎవరికిస్తున్నారు సార్?" అని అడిగాడు రవికిరణ్.

అశ్విని నీళ్ళ గ్లాసు ఆయన ముందు పెట్టింది. వ్యాను లింగంపల్లికి మళ్ళీ మళ్ళీ ఎందుకు వెళ్తుందో ఆమెకి ఇప్పుడర్థమైంది. అది వెళ్ళేది ఎర్ర తేదీల రూటులో, ఇచ్చినవాళ్ళ మనసుని కదిలించిన రోజుల వరసలో. అమ్మ పూలు కట్టేదని ఇచ్చినవాళ్ళ తేదీకి పూలు కట్టే ఒకావిడ, నాన్న గేటు దగ్గర కాపలా కాసేవాడని ఇచ్చినవాళ్ళ తేదీకి ఒక గార్డు. ఏళ్ళ తరబడి ఈయనా లింగమూర్తీ కలిసి ఈ పని చేస్తున్నారు, ఎవరికీ చెప్పకుండా.

"మరి ఇంతవరకూ దాతలకి చెప్పలేదెందుకు సార్?" అంది.

"చెబితే దాన్ని కూడా పథకం చేసి, బ్యానరు కడతారమ్మా," అంటూ ఆయన రెండో నంబరు నొక్కారు.

ఉమాశ్రీ వింతగా మాట్లాడింది. "మొదట ఒళ్ళు మండింది అంకుల్. తర్వాత ఆలోచిస్తే, అది పుట్టినరోజే అనిపించింది. వచ్చే ఏడు బొమ్మ కాదు, నిజం కేకు పంపించండి." ఉద్యోగం పోయినతను ఇప్పుడు తనకి మంచి ఉద్యోగమే ఉందని చెప్పి, మెసేజ్ పంపిన అమ్మాయి ఉద్యోగం పోయేలా ఉందని విని, ఆమె ఎలా ఉందని అడిగాడు. అలాంటి రోజు తనకి తెలుసునన్నాడు. ఒకాయన మాత్రం ఎంత చెప్పినా చల్లబడలేదు, ఇంకెప్పుడూ ఫోన్ చెయ్యొద్దని పెట్టేశాడు. పట్టాభిరామయ్యగారు ఆ కార్డుని కాసేపు చేత్తో నిమిరి, విడిగా పక్కన పెట్టారు.

అయిదయ్యేసరికి ముప్ఫై తొమ్మిది ఫోన్లయ్యాయి. ఆయన గొంతు పూర్తిగా పోయింది. ఆపేసిన ఆరుగురిలో నలుగురు మళ్ళీ మొదలుపెట్టారు.

ట్రస్టీల్లో కాస్త గట్టివాడు చలపతిరావుగారు. కూర్చుంటూనే, "ఎవరు చేశారీ పని?" అన్నారు.

అశ్విని లేచేలోగా పట్టాభిరామయ్యగారు లేచారు. "నేనేనండీ," అన్నారు బొంగురుగా. "ఎర్ర సిరా అంటే ఏమిటో అమ్మాయికి చెప్పలేదు."

"చెప్తానన్నారు సార్," అంది అశ్విని. "కుర్చీ కూడా వేసుకున్నారు. నేనే వద్దన్నా. ఒక్క నిమిషం వినింటే ఇది జరిగేది కాదు."

చలపతిరావుగారు ఆమె రిపోర్టు చేతిలోకి తీసుకుని మూడో అంశం మీద వేలు పెట్టారు. "ల్యాండ్‌లైన్ తీసివేయాలి అని రాశావు. దీని మీద ఇప్పుడేమంటావు?"

ఆమె పట్టాభిరామయ్యగారి వైపు చూసింది. ఆయన కిటికీలోంచి జిలేబీల మూకుడు చూస్తున్నారు. ఆయన ఆ రిపోర్టు చదివే ఉంటారని ఆమెకి ఆ క్షణాన తెలిసిపోయింది.

"తప్పు రాసినా సార్. తియ్యొద్దు. ఇంకో లైను వెయ్యాల. దానిమీద నేను మాట్లాడతా. మెసేజ్‌లు పంపేది సాఫ్ట్‌వేర్ పంపనీ, కానీ ఎవరికి ఏం పంపాలో ముందు మనం అడిగి తెలుసుకోవాల."

"ఎందుకు?" అన్నారు చలపతిరావుగారు.

పట్టాభిరామయ్యగారి మొహం విప్పారింది. "చూశారా పద్మావతిగారూ, ఈయనకీ అంటుకుంది!" అన్నారు మిగిలిన కాస్త గొంతుతో. ముందు పద్మావతిగారు నవ్వారు, తర్వాత చలపతిరావుగారికి కూడా నవ్వక తప్పలేదు. రెండో లైను మంజూరైంది. అశ్విని కాఫీ కప్పు సంచీలోంచి మళ్ళీ బల్లమీదికి వచ్చింది. పట్టాభిరామయ్యగారు వారంపాటు నోరు విప్పకూడదని పద్మావతిగారు డాక్టరు హోదాలో ఆజ్ఞాపించారు.

అందరూ వెళ్ళాక అశ్విని ఆయన ఎదురుగా కుర్చీ వేసుకుంది.

"ఇంతకీ మీరెందుకు అడుగుతారు సార్?"

ఆయన నిజంగా ఉలిక్కిపడ్డారు. ఇన్నేళ్ళలో ఈ ప్రశ్న ఆయన్ని ఎవరూ అడగలేదు. డాక్టరుగారి ఆజ్ఞ పక్కన పెట్టి, లైబ్రరీలో మాట్లాడినట్టు గుసగుసగా చెప్పారు.

"గుడివాడలో ఒకాయన పదకొండేళ్ళపాటు ఒకటే పుస్తకం తీసుకెళ్ళాడమ్మాయ్. తేనెటీగల పెంపకం. పదిహేను రోజులకోసారి తెచ్చివ్వడం, మళ్ళీ అదే తీసుకెళ్ళడం. ఆయనకి తేనెటీగల్లేవు, తోట లేదు, ఉన్నది సైకిల్ షాపు. ఎందుకని అడగాలని నాలుక పీకేది. గోడమీద 'నిశ్శబ్దం' అని బోర్డు. అది పెట్టించింది నేనే. ఒకరోజు వాళ్ళమ్మాయి వచ్చి పుస్తకం బల్లమీద పెట్టింది. నాన్న ఇక రారండీ అంది. నేను ముద్ర కొట్టి లోపల పెట్టేశాను. అప్పుడైనా అడగొచ్చుగా? ఆ పిల్ల చెబుదామనే నిలబడింది. ఇప్పటికీ అనిపిస్తుంది, చెబుదామనే నిలబడిందని."

అశ్విని లేచి సొరుగులోంచి తన కార్డు తీసింది. 'చెప్పలేదు' అన్న మాట కొట్టేసి, నీలం సిరాతో రాసి ఆయనకి చూపించింది. 'నన్ను పాత ఉద్యోగంలోంచి తీసేసినప్పుడు, నువ్వెట్లున్నావని ఎవరూ అడగలేదు. అడిగేచోట పనిచేయాలని చేరినా. చేరిన ఐదు నెలలకి తెలిసింది.' ఆయన రెండుసార్లు చదువుకుని, అక్షరాలు బాగున్నాయన్నట్టు తల ఊపి, కార్డుని వరసలో పెట్టుకున్నారు.

సోమవారం కొత్త ఫోన్ వచ్చింది. అశ్విని గొంతు సవరించుకుని మొదటి నంబరు నొక్కింది.

"నమస్తే సార్, దగ్గరిచూపు ట్రస్టు నుంచి అశ్విని. నిన్న విరాళం పంపినారు కదా, చాలా సంతోషం. ఇంతకీ ఎందుకిచ్చినారు సార్?"

"ఏయ్, ఎవరు నువ్వు? నా వివరాలు నీకెట్లా తెలుసు? సైబర్ పోలీసులకి చెప్పమంటావా?"

అశ్విని రిసీవరు మీద చెయ్యి అడ్డం పెట్టి, దిక్కుతోచక పక్కకి చూసింది. పట్టాభిరామయ్యగారికింకా మౌనవ్రతం. ఆయన ఒక ఖాళీ కార్డు తీసుకుని గబగబా ఏదో రాసి, బల్లమీద ఆమె ముందుకి తోశారు.

'ఒంటరిగా ఉన్నారా అని మాత్రం అడక్కు.'